చెయ్యేటిని చెయ్యేటి లెక్కతోనే చూడండి: ఇంజనీర్లకు, అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన జలవనరుల ఇంజనీర్లకు, ఆనకట్టల భద్రతను పర్యవేక్షించే అధికారులకు, వరద వేళ ఊళ్లకు ఆదేశాలిచ్చే రెవెన్యూ, పోలీసు యంత్రాంగానికి నమస్కారం.

రాజంపేట మీదుగా పెన్నలోకి పోయే మా చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట 2021 నవంబరు వరదలో తెగి మా ఊళ్లను ముంచింది. ఈ ఏటి వరదల గురించి మా వైపు ఊళ్ల వాళ్లం అర్జీలు పెట్టుకున్నాం. రసీదులు ఇచ్చారు, ముద్రలు వేశారు, ‘పరిశీలనలో ఉంది’ అన్నారు. జవాబు మాత్రం రాలేదు. ఏ కాగితం ఏ బల్ల మీద ఆగిందో వెతికి ఎవరో ఒకరిని నిందించాలని ఈ లేఖ రాయడం లేదు. మేము అడిగింది పరిహారం ఒక్కటే అని చదివినవారు అనుకున్నట్టుంది. పరిహారం సరే, అది వేరే సంగతి. మేము ముఖ్యంగా అడిగింది ఈ ఏటి స్వభావాన్ని బట్టి పని పద్ధతి మార్చమని. అది ఎవరికీ పట్టలేదు కాబట్టి ఈసారి అందరి ఎదుటా రాస్తున్నాను. చాలా ఏళ్లు బడిలో సాంఘిక శాస్త్రం చెప్పినవాణ్ణి. అందుకే భూగోళంతో మొదలుపెడతాను, విసుగనుకోకండి.

బాహుదా అనే ఏరు మదనపల్లె వైపు ఎత్తుల నుంచి, నిమ్మనపల్లె మీదుగా వస్తుంది. పింఛా పూర్వపు చిత్తూరు జిల్లా కొండల్లో పుట్టి సుండుపల్లె వైపు దిగుతుంది. ఈ రెండూ రాయవరం దగ్గర కలిసినప్పటి నుంచి దాని పేరు చెయ్యేరు. రాయచోటి పక్కగా వచ్చే మాండవి కూడా దీనిలోకే చేరుతుంది. అక్కడి నుంచి పెన్నలో కలిసేదాకా చెయ్యేటి నడక వంద కిలోమీటర్లు కూడా ఉండదు. కృష్ణా పద్నాలుగు వందల కిలోమీటర్లు, పెన్న ఆరు వందలకు కాస్త తక్కువ. వాటి పక్కన పెడితే పటం మీద ఇది చిన్న గీత.

ఆ చిన్న గీత మూడు రకాల నేలల గుండా పోతుంది. పైన పడమటి వైపు రాయచోటి, మదనపల్లెల గ్రానైట్ పీఠభూమి. చెరువులు, వంకలు, రాళ్ల గుట్టలు. మధ్యలో అడ్డంగా నిలబడిన పాలకొండలు, శేషాచలం. ఏరు ఆ కొండల్ని చీల్చుకుని బాలరాజుపల్లె దగ్గరి ఇరుకు లోయగుండా బయటపడుతుంది. ఆ తరువాత, పడమర శేషాచలానికీ తూర్పున వెలికొండలకూ మధ్య ఉన్న రాజంపేట లోయ. ఇక్కడికి వచ్చేసరికి వాలు తగ్గిపోతుంది, ఏరు ఒక్కసారిగా వెడల్పవుతుంది, మోసుకొచ్చిన ఇసుకనంతా దించేస్తుంది. కోడూరు వైపు నుంచి గుంజనేరు వచ్చి కలుస్తుంది. అత్తిరాల, నందలూరు దాటి ఉత్తరంగా నడిచి పెన్నను చేరుతుంది. నందలూరులో ఏటి ఒడ్డున ఉన్న సౌమ్యనాథ ఆలయం చోళుల నాటిది. ఈ ఇసుక ఒడ్డును నమ్ముకుని జనం ఎంత కాలంగా బతుకుతున్నారో చెప్పడానికి అదొక్కటి చాలు.

శేషాచలం కొండలు చాలావరకు క్వార్ట్‌జైట్ రాయి. దాని మీద మన్ను పలచన. ఎర్రచందనం పెరిగేది ఆ పలచని నేలలోనే. అలాంటి కొండ మీద గట్టి వాన పడితే పెంకుటింటి కప్పు మీద పడ్డట్టే, నిలవకుండా చూరు పట్టి కిందికి జారుతుంది. పైనున్న గ్రానైట్ నేల కూడా అంత తొందరగా తాగదు. అందులోనూ మాకు పెద్ద వానలు వచ్చేది నైరుతిలో కాదు, ఈశాన్య రుతుపవనాల కాలంలో. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండాలు చెన్నై చుట్టుపక్కల తీరం దాటి లోపలికి వస్తాయి, ఈ కొండల్ని తగులుకుని కురుస్తాయి. అప్పటికే చెరువులు నిండి ఉంటాయి, నేల తడిసి ఉంటుంది. కొత్తగా పడిన ప్రతి చినుకూ ఏటికే.

ఇంకొకటి కూడా ఉంది. రాజంపేటలో నిలబడినవాడికి కొండల అవతల సుండుపల్లెలోనో రాయచోటిలోనో ఎంత వాన కురుస్తోందో కనిపించదు. మా నెత్తిన పడిన వానకన్నా మాకు కనిపించని చోట పడిన వానే మమ్మల్ని ఎక్కువగా ముంచుతుంది. కాబట్టి ఆకాశం చూసి జాగ్రత్తపడండి అని మాకు చెప్పడం వల్ల లాభం లేదు.

ఇక లెక్క. ఇది మీకు తెలియనిది కాదు, అయినా చెబుతాను.

బాదనగడ్డ దగ్గర చెయ్యేటి మీద కట్టిన అన్నమయ్య ప్రాజెక్టు నిల్వ సామర్థ్యం సుమారు 2.24 టీఎంసీలు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. దాని పైనున్న పింఛా ప్రాజెక్టుది టీఎంసీలో మూడో వంతు. 2021 నవంబరు 19న వచ్చిన వరద మూడు లక్షల క్యూసెక్కులకు పైమాటేనని, స్పిల్‌వే, అంటే అదనపు నీటిని వదిలే గేట్ల దారి, వదలగలిగింది రెండు లక్షల పైచిలుకు మాత్రమేనని అప్పటి ప్రభుత్వమే చెప్పింది. సెకనుకు మూడు లక్షల ఘనపుటడుగుల చొప్పున వచ్చే నీటిని 2.24 టీఎంసీల తొట్టిలో పోయండి. తొట్టి పూర్తిగా ఖాళీగా ఉన్నా రెండు గంటల నాలుగు నిమిషాల్లో నిండుతుంది. అదే వరద 215 టీఎంసీల శ్రీశైలంలోకి వస్తే, ఒక్క గేటూ ఎత్తకపోయినా నిండడానికి ఎనిమిది రోజులు దాటుతుంది. పింఛా మాటైతే చెప్పనక్కరలేదు. లక్ష క్యూసెక్కులు వస్తే గంట కూడా ఆగదు.

వాన లెక్క కూడా చూడండి. వెయ్యి చదరపు కిలోమీటర్ల నేల మీద పది సెంటీమీటర్ల వాన పడితే అది పది కోట్ల ఘనపు మీటర్ల నీరు, అంటే మూడున్నర టీఎంసీలు. అందులో సగం పారినా అన్నమయ్య జలాశయం ముప్పావు వంతుకు పైగా నిండినట్టే. వాయుగుండం వేళ ఒక రాత్రిలో పది సెంటీమీటర్లు మా కొండలకు వింతేమీ కాదు.

ఎనిమిది రోజుల వ్యవధి ఉన్నచోట ఫైలు పైకి వెళ్లి కిందికి రావచ్చు. సమీక్షా సమావేశం పెట్టుకోవచ్చు, పై అధికారి అనుమతి కోసం ఎదురుచూడవచ్చు. రెండు గంటల వ్యవధి ఉన్నచోట ఆ పద్ధతి పనిచేయదు. పెద్ద నదుల కోసం తయారైన నియమాలు, అలవాట్లు, హోదాల వరుస ఏవీ మార్చకుండా ఒక పొట్టి కొండ ఏటి మీదికి తెచ్చి పెట్టారు. మా ఫిర్యాదంతా ఈ ఒక్క విషయం మీదే.

ఆ రోజు జరిగింది అందరికీ తెలిసినదే కాబట్టి నాలుగు మాటల్లో ముగిస్తాను. 2020 నవంబరులో నివర్ తుపాను వచ్చింది, ప్రాజెక్టులు దెబ్బతిన్నాయి. ఏడాది తిరిగింది. 2021 నవంబరు 19 తెల్లవారుజామున వాయుగుండం పుదుచ్చేరికీ చెన్నైకీ మధ్య తీరం దాటింది. పైన పింఛా కట్టకు గండి పడింది, ఆ నీరూ తోడై అన్నమయ్య మట్టికట్టను కోసుకుపోయింది. ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదని, అన్నీ పనిచేసి ఉంటే ఈ ప్రమాదం తప్పేదని అప్పటి కేంద్ర జలశక్తి మంత్రి గజేంద్ర సింగ్ షెకావత్ ఆనకట్టల భద్రత బిల్లు మీద చర్చలో రాజ్యసభలో అన్నారు. అది ఎవరూ ఊహించని వరద అని రాష్ట్ర ప్రభుత్వం అన్నది. ఆ వాదంలోకి నేను దిగను. అయితే ‘ఊహించని’ అన్న మాట ఇంజనీరు నోట వచ్చినప్పుడు మాత్రం ఒక ప్రశ్న వేయాలనిపిస్తుంది: పైన ఎక్కడెక్కడ ఎంత వాన పడుతోందో, అది ఎన్ని గంటల్లో కట్టను చేరుతుందో ఆ రాత్రి కొలుస్తున్నవారు ఎవరు? కొలవనిదాన్ని ఊహించలేదని చెప్పడం న్యాయం కాదు.

దీని వల్ల మామూలు జనానికి ఏమైందో, ఇంకా ఏమవుతోందో చెబుతాను.

1. మనుషులు. ఆ రోజు కార్తీక పౌర్ణమి. దీపాలు పెట్టుకోవడానికి శివాలయానికి వెళ్లినవాళ్లు ఉన్నారు, పాలు పితకడానికి లేచినవాళ్లు ఉన్నారు, నిద్రలోనే ఉన్నవాళ్లు ఉన్నారు. పులపత్తూరు, తోగూరుపేట, మందపల్లె, గుండ్లూరు. ఈ పేర్లు అప్పటిదాకా రాజంపేట దాటితే ఎవరికీ తెలియవు. ఆ ఒక్క ఉదయంతో పత్రికల మొదటి పేజీకెక్కాయి. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఒకే ఇంట్లో పలువురు పోయిన కుటుంబాలు ఉన్నాయి. కట్టకు దగ్గరగా ఉన్న ఊరికి నీరు చేరడానికి పట్టేది నిమిషాలు. ఆ నిమిషాల్లో ఏ వీధి నుంచి ఏ గుట్ట మీదికి పరుగెత్తాలో ముందుగా ఎవరూ చెప్పి ఉండలేదు. ముసలివాళ్లను ఎవరు మోయాలి, గొడ్ల పలుపులు ఎవరు విప్పాలి అన్నది కూడా అంతే. పలుపు విప్పని గొడ్డు కట్టుకొయ్య దగ్గరే చచ్చిపోతుంది. ఇది మీ ప్రణాళికల్లో కనిపించదు గానీ మా ఊళ్లలో సగం ఇళ్లకు అదే జీవనాధారం.

2. దారిన పోయేవాళ్లు. వరదలో ఆర్టీసీ బస్సులు చిక్కుకుని ప్రయాణికులు, సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. నందలూరు, రాజంపేటల మధ్య రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. అది చెన్నై, ముంబయి మార్గం. కట్ట తెగే ప్రమాదం ఉందన్న సంగతి డిపోకూ స్టేషనుకూ ఏ నిమిషాన చేరాలి, ఎవరు చేర్చాలి? ఇందుకు రాసిపెట్టుకున్న నియమం ఉంటే మాకు చూపించండి. బస్సు ఎక్కినవాడు టికెట్టు కొన్నాడు, అంతే. ముందున్న వంతెన మీద నీరు పారుతోందా లేదా అన్నది అతను తెలుసుకోవలసిన విషయం కాదు.

3. పొలాలు. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే పట్నంలో ఉన్నవారికి ఇది అర్థం కాదు. నీరు ముంచిన పొలం ఆరితే మళ్లీ పొలమే. కొండ ఏరు ముంచిన పొలం అలా కాదు. ఇరుకు లోయలోంచి దూకిన నీరు లోయ విప్పారిన చోట వేగం తగ్గి ఇసుక దించుతుందని పైన చెప్పాను కదా, కట్ట తెగినప్పుడు ఆ ఇసుక ఏటిలో ఆగలేదు, పొలాల మీదికి ఎక్కింది. మేట వేసిన ఇసుక కింద మన్ను ఉంది, బోరు ఉంది, బోరు బిల్లూ బ్యాంకు అప్పూ ఉన్నాయి. దాన్ని తీయించాలంటే ఎకరానికి అయ్యే ఖర్చు చిన్న రైతు మోయలేడు. పోనీ అమ్ముకుందామంటే తన పట్టా భూమిలోని ఇసుకకు కూడా అనుమతులు కావాలి. మరోవైపు కోత పడిన పొలాలు. ఏరు ఒడ్డును తినేసింది, సర్వే నంబరు కాగితం మీద ఉంది, నేల లేదు. ఇసుక మేటకు ఇంత, కోతకు ఇంత అని పరిహారం పట్టికలు ఉన్నాయి. అయితే మామిడి, అరటి, బొప్పాయి వేసుకునే తోట నేల మళ్లీ తోట నేల కావడానికి ఎన్నేళ్లు పడుతుందో ఏ పట్టికా చెప్పదు. కౌలుదారుకైతే ఆ పట్టికలో చోటు దొరకడమే కష్టం.

4. నీళ్లు. వరదలో మునిగిన ఊళ్లే తరువాత నీటికి వెతుక్కోవలసి రావడం వింతగా తోచవచ్చు. చెయ్యేరు ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండి ఉంటుంది. దాని నీరు కనిపించేది ఇసుక కింద. కట్ట ఉన్నప్పుడు జలాశయంలో నిలిచిన నీరు దిగువ బావుల్ని, బోర్లను తడిపేది, ఆయకట్టుకు కాలువలు పారేవి. కట్ట పోయాక వచ్చిన వాన వచ్చినట్టే పెన్నకు పోతుంది. అందుకే కొత్త ఆనకట్ట వద్దని మాలో ఎవరూ అనరు. ఎలాంటి ఆనకట్ట, ఏ జాగ్రత్తలతో అన్నదే మా ప్రశ్న. అంచనాలు, టెండర్లు, ప్రకటనల వార్తలు చదువుతూనే ఉన్నాం.

5. కింది జిల్లా. చెయ్యేటి నీరు పెన్నలో కలిసి సోమశిలకు, అక్కడి నుంచి నెల్లూరుకు పోతుంది. 2021లో ఆ వరద కోవూరు దగ్గర పడుగుపాడులో జాతీయ రహదారినీ రైలు మార్గాన్నీ కూడా దెబ్బతీసింది. పొట్టి ఏరు కదా అని మీరు వదిలేసినది తీరందాకా లెక్క అడిగింది.

ఇది మా ఒక్క ఏటి గోడు కాదు. అదే 2021లో, ఫిబ్రవరి 7న, ఉత్తరాఖండ్‌లో ధౌలీగంగకు ఉపనది అయిన ఋషిగంగలో కొండచరియ, మంచు కలిసి విరిగిపడి రైణి ఊరి దగ్గరి చిన్న జలవిద్యుత్ కేంద్రాన్ని తుడిచిపెట్టింది. కిందనున్న తపోవన్ సొరంగంలో పనివాళ్లు చిక్కుకుపోయారు. చనిపోయినవారు, గల్లంతైనవారు కలిసి రెండు వందలు దాటారు. అక్కడి కారణం వేరు, ఇక్కడి కారణం వేరు. పైన ఏదో జరిగిందని కిందివాళ్లకు తెలిసే దారి లేకపోవడం రెండు చోట్లా ఒకటే. 2024 జూలైలో అశ్వారావుపేట మండలంలో గోదావరికి చేరే పెద్దవాగు మీది ప్రాజెక్టు కట్ట తెగింది. కట్ట తెలంగాణలో ఉంది, ఆయకట్టులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, మునిగిన ఊళ్లు రెండు వైపులా ఉన్నాయి. మరమ్మతు ఎవరు చేయించాలి అన్న ప్రశ్న మాత్రం మధ్యలో ఉంది. ఆ తరువాత కొద్ది వారాలకే బుడమేరు విజయవాడను ముంచింది. గోదావరి పెరిగితే భద్రాచలంలో 43, 48, 53 అడుగుల దగ్గర మూడు హెచ్చరికలు ఇస్తారని మా బడి పిల్లలకు కూడా తెలుసు, పాఠంలో చెప్పేవాణ్ణి. మరి నందలూరు వంతెన దగ్గర ఏ అంకె వస్తే ఊరు ఖాళీ చేయాలని వాళ్లకు నేర్పమంటారు?

మీ మీద ఉన్న ఒత్తిడి తెలియక కాదు ఇలా అడుగుతున్నది. సిబ్బంది ఖాళీలు, గేట్ల నిర్వహణకు అరకొర నిధులు, గేట్లు, కాలువలు చూసుకునే, జీతాలు సరిగా అందని లస్కర్లు, అర్ధరాత్రి వానలో కట్ట మీద నిలబడిన చిన్న ఇంజనీర్లు. వాళ్లంటే మాకు గౌరవమే ఉంది. అయితే ఆ చిన్న ఇంజనీరు చేతికి కొలతలూ ఇవ్వక, అధికారమూ ఇవ్వక, గండి పడ్డాక సంజాయిషీ మాత్రం అడిగే పద్ధతిని మార్చవలసింది మీరే.

చట్టం కూడా మా వైపే ఉంది. ఆనకట్టల భద్రత చట్టం 2021 డిసెంబరు 30న అమల్లోకి వచ్చింది, అంటే మా కట్ట తెగిన నలభై ఒక్క రోజులకు. ఆ చట్టం వర్తించే ప్రతి ఆనకట్టకూ దాని యజమాని అత్యవసర కార్యాచరణ ప్రణాళిక తయారు చేయాలి. అప్పటికే ఉన్న ఆనకట్టలకు ఇచ్చిన గడువు ఐదేళ్లు. ఆ గడువు 2026 డిసెంబరు 30తో ముగుస్తుంది. దిగువ ఊళ్లకు వరద హెచ్చరిక వ్యవస్థ, ఎగువన వాన, ప్రవాహం కొలిచే ఏర్పాటు, వానాకాలానికి ముందూ తరువాతా తనిఖీలు, అన్నీ అందులో ఉన్నాయి. కాబట్టి కింద అడుగుతున్నవాటిలో దయతలచి చేయవలసినవి తక్కువ, చట్టప్రకారం చేయవలసినవే ఎక్కువ.

మా డిమాండ్లు ఇవి.

1. బాహుదా, పింఛా, మాండవి, చెయ్యేరు, గుంజనేరు అన్నిటినీ కలిపి ఒకే లోయగా చూసే ఒక్క వరద నియంత్రణ గది కావాలి. జిల్లాల హద్దులు ఎన్నిసార్లు మార్చుకున్నా మాకు అభ్యంతరం లేదు. నీటికి ఆ హద్దులు పట్టవు. పైన వాన పడిన జిల్లా అధికారి కింద కట్ట ఉన్న జిల్లా అధికారికి లేఖ రాసేలోపు నీరే ముందు చేరుతుంది.

2. ఎగువ కొండల్లో, వంకల మీద తమంతట తామే లెక్క పంపే వానమాపకాలు, నీటిమట్టం కొలిచే పరికరాలు పెట్టండి. ఆ అంకెలు మీ కార్యాలయంలోనే ఉండిపోకుండా గంట గంటకూ అందరికీ కనబడాలి. కొత్త కాంక్రీటు కన్నా ముందు జరగవలసిన పని ఇదే అని నా అభిప్రాయం. ఆయకట్టు రైతులు కొందరు ఒప్పుకోరు, వాళ్ల తొందర వాళ్లది. అయినా ఎంత పెద్ద స్పిల్‌వే కట్టినా, పైనుంచి వచ్చేది తెలియకపోతే గేటు ఎప్పుడు ఎత్తాలో ఎవరికి తెలుస్తుంది?

3. గేట్లు ఎత్తే అధికారం, సైరన్ మోగించే అధికారం కట్ట మీద ఉన్న ఇంజనీరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. నీటిమట్టం ఫలానా గీత దాటితే ఎవరి అనుమతీ అక్కరలేదని ఆ కాగితంలో ఉండాలి. తొందరపడి సైరన్ మోగించాడని ఎవరినీ శిక్షించకూడదని కూడా ఉండాలి. వృథాగా పరుగెత్తించినందుకు మా ఊళ్లు ఎవరినీ తిట్టవు.

4. తనిఖీల క్యాలెండరు మార్చండి. జూన్‌కు ముందు చేసే తనిఖీ ఒక్కటే మాకు సరిపోదు. మా ప్రమాదమంతా అక్టోబరు మొదలయ్యాకే. కాబట్టి ఏటా సెప్టెంబరు ముగిసేలోపు ప్రతి గేటునూ దిగువ సర్పంచుల ఎదుట ఎత్తి దించి చూపండి. కరెంటు ఉన్నప్పుడు ఒకసారి, లేనప్పుడు జనరేటరుతో ఒకసారి. ఎత్తలేని గేటు ఉంటే ఆ సంగతి అదే రోజు బయటపెట్టి, అది బాగయ్యేదాకా జలాశయంలో నీరు ఎంత తక్కువగా ఉంచుతారో ప్రకటించండి.

5. కట్ట తెగితే ఏ ఊరికి ఎన్ని నిమిషాల్లో ఎంత ఎత్తున నీరు వస్తుందో చూపే పటాన్ని తెలుగులో తయారు చేయించి ప్రతి పంచాయతీ గోడ మీద వేయించండి. ఏ వీధివాళ్లు ఏ గుట్టకు పోవాలో బాణం గుర్తులు పెట్టండి. ఏడాదికి ఒకసారి ఊరంతటితో ఆ పరుగు చేయించండి. కార్తీక మాసానికి ముందే.

6. కట్ట ప్రమాదంలో ఉందనగానే బస్సులు ఎక్కడ ఆగాలి, రైళ్లు ఏ స్టేషన్లో ఆగాలి అన్నది ఆర్టీసీ, రైల్వేలతో కూర్చుని రాసుకోండి. ఆ కాగితం నకలు డిపోలోనూ స్టేషన్లోనూ పెట్టండి.

7. కొత్త అన్నమయ్య ఆనకట్టకు ఎంత వరదను ప్రమాణంగా తీసుకున్నారో, ఆ అంకె ఎలా వచ్చిందో, 2021 నాటి వరదను అందులో కలిపారో లేదో బయటపెట్టండి. పింఛా తెగితే ఆ నీరు కింది కట్టను ఏం చేస్తుందో కూడా లెక్క వేసి చూపండి. ఒక కట్ట కింద ఇంకో కట్ట ఉన్న ఏటిలో రెండిటినీ విడివిడిగా డిజైన్ చేస్తే ఏమవుతుందో మేము చూశాం. కట్ట ఎందుకు తెగిందన్న విచారణలో తేలినదంతా తెలుగులో మా చేతికి రావాలి.

8. ఇసుక మేట వేసిన పొలాల్లో ఇసుక తీసుకునే అనుమతి రైతుకు గ్రామ స్థాయిలోనే, రుసుము లేకుండా దొరకాలి. కోతకు పోయిన భూమికి బదులు భూమి, కౌలుదారుకు కూడా నష్టపరిహారం. ఇళ్లు పోయినవాళ్ల సంగతి ఇప్పటికే ఎన్నోసార్లు చెప్పాం, కొత్తగా చెప్పేదేమీ లేదు. ఇవ్వవలసినవి ఇవ్వండి.

వీటిలో మొదటి ఆరింటికి ఆనకట్ట పూర్తయ్యేదాకా ఆగనక్కరలేదు. కట్ట లేనప్పుడు కూడా పైన పింఛా ఉంది, చెరువులు ఉన్నాయి, కొండలు ఉన్నాయి. ఏరు ఎక్కడికీ పోలేదు.

ఈ లేఖకు జవాబుగా మళ్లీ ఒక రసీదు పంపవద్దని మనవి. వచ్చే ఈశాన్య వానలకు ముందు ఒక రోజు నిర్ణయించి, ముందుగా చాటింపు వేయించి, పులపత్తూరులో గ్రామసభ పెట్టండి. చెయ్యేటి ఒడ్డు ఊళ్ల సర్పంచులనూ, సుండుపల్లె, రాయచోటి వైపు వాళ్లనూ కూడా పిలవండి. గేట్ల సంగతి తెలిసిన ఇంజనీరు, సంతకం పెట్టే అధికారం ఉన్న అధికారి ఇద్దరూ రావాలి. ఒకరు వచ్చి ఇంకొకరి మీద చెప్పడం ఇప్పటికే చాలాసార్లు జరిగింది. ఎనిమిది డిమాండ్లలో ఏది చేస్తారు, ఏ తేదీలోపు చేస్తారు, ఏది చేయలేరు, ఎందుకు చేయలేరు అన్నది ఆ సభలోనే పంచాయతీ తీర్మానాల పుస్తకంలో రాసి సంతకం చేయండి. చేయలేనిదాన్ని చేయలేమని చెప్పినా ఒప్పుకుంటాం, దాన్ని బట్టి మా జాగ్రత్తలు మేము చూసుకుంటాం.

ఇట్లు,
చెయ్యేటి లోయ ఊళ్ల తరఫున,
ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు